కుర్చీకి కూడా చట్టం కావాలా?

పోయిన ఆషాఢంలో మా తోటికోడలికి చీర కొనాలని జగదాంబ జంక్షన్ వైపు ఓ పెద్ద బట్టల కొట్టుకి వెళ్లాం. ఆషాఢం తగ్గింపులంటే మీకు తెలియనిదేముంది! మెట్ల మీద కూడా జనమే. ఎలాగో మా ఇద్దరికీ రెండు స్టూళ్లు దొరికాయి. కౌంటరు వెనక అమ్మాయి ఒక్కో చీరా విప్పి చూపిస్తోంది. 'ఇంకో రంగు లేదా', 'అంచు ఇంకాస్త సన్నంగా', 'ఆ పై అరలోది తియ్యమ్మా' అంటూ మేం అడుగుతూనే ఉన్నాం. గంటన్నర గడిచింది. నలభై చీరలైనా విప్పించి ఉంటాం. తీసుకున్నది ఒక్కటి. మిగతావి మడతలు పెట్టుకుంటూ ఆ పిల్ల ఓ కాలి మీంచి ఇంకో కాలి మీదకి బరువు మార్చుకుంటుంటే, అప్పుడు మొహంలోకి చూశాను. మా కింది వాటాలో అద్దెకుంటున్న వాళ్లమ్మాయి! రోజూ కుళాయి దగ్గర చూసే పిల్లే. యూనిఫాం చీర కట్టి, జుట్టు బిగించి ముడేసేసరికి గంటన్నరసేపు ఎదురుగా ఉన్నా గుర్తుపట్టలేదు. గుర్తుపట్టలేదనడం కంటే చూడలేదనడమే నిజం.

"ఓసి నువ్వటే! జనం తగ్గారు కదా, కాసేపు కూర్చో" అన్నాను. ఆ పిల్ల నవ్వి, కళ్లతో పైకి చూపించింది. సీలింగుకి కెమెరా.

రాత్రి పదింటికి కూర్మన్నపాలెంలో బస్సు దిగి వచ్చింది. వాళ్లమ్మ బకెట్లో ఉప్పేసి వేణ్నీళ్లు పెట్టి ఉంచింది. అందులో కాళ్లు పెట్టుకుని గడప మీద కూర్చుంటే, నేనూ కిందకి దిగి పక్కన కూలబడ్డాను.

"మీకు తెలీదేటి పిన్నీ? కూకుంటే పైనుంచి ఫోనొచ్చేస్తాది. జనం లేనప్పుడైనా కూకోకూడదు. గోడకి ఆనుకున్నా తప్పే" అంది. ఉదయం తొమ్మిదిన్నరకి మొదలైతే రాత్రి తొమ్మిది దాకా నిలబడే. మధ్యాహ్నం అన్నానికి అరగంట. మరీ నొప్పెడితే ఏం చేస్తారో కూడా చెప్పింది. కింది అరలో స్టాకు లెక్కపెట్టినట్టు నటిస్తూ గొంతుక్కూర్చుంటారట. ఒకరు అలా కూర్చుంటే ఇంకొకరు అడ్డంగా నిలబడి చీర పట్టుకుంటారట. బాత్రూము నాలుగో అంతస్తులో ఉంది కాబట్టి మంచినీళ్లు తాగడం తగ్గించేసుకున్నారట. ఇరవై మూడేళ్ల పిల్ల. పిక్కల మీద నరాలు నీలంగా, పాములు చుట్టుకున్నట్టు ఉబ్బి ఉన్నాయి. నాకు యాభై ఎనిమిది. నా కాళ్లు అంతకంటే నయంగా ఉన్నాయి.

బస్సులో అయినా కూర్చుంటావా అంటే నవ్వేసింది. "2025 ఆగస్టు 15 నుంచీ మనకి టికెట్టూ లేదు, సీటూ లేదు పిన్నీ" అంది. ఉచిత బస్సు మీద ఫిర్యాదు కాదులెండి. ఆ పిల్లకి దానివల్ల నెలకి మిగిలేది తక్కువేం కాదు.

పైకొచ్చి మావారితో ఈ సంగతంతా చెప్పి, "దీనికి శాసనసభలో ఓ చట్టం చెయ్యకూడదూ?" అన్నాను. ఆయన పేపరు మడిచి కళ్లజోడు తీసి నన్ను చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు.

"కుర్చీ గురించి కూడా చట్టమా! వాళ్ల కుర్చీల గొడవలకే వాళ్లకి టైము చాలడంలేదు" అన్నారు.

మావారు స్టీలు ప్లాంటులో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యారు. ఆయన మాటని నేను తేలిగ్గా తీసెయ్యను. ఆయన వాదన ఇదీ: శాసనసభ ఏడాదికి సమావేశమయ్యే రోజులే బాగా తక్కువ. అందులో సగం వాకౌట్లకీ, అరుపులకీ పోతుంది. ప్లాంటు భవిష్యత్తు ఉంది, రైల్వే జోను ఉంది, ఊళ్లో బొగ్గు ధూళి ఉంది, చదువుకున్న పిల్లలు హైదరాబాదూ బెంగుళూరూ బస్సులెక్కి పోవడం ఉంది. ఇవన్నీ వదిలేసి సేల్స్ గర్ల్ స్టూలు మీద చర్చ పెడితే జనం నవ్వరా?

పైగా ఎప్పుడో ప్లాంటులో ట్రైనింగు క్లాసులో విన్న కథ ఒకటి చెప్పారు. పార్కిన్సన్ అనే ఇంగ్లీషు రచయిత 1957లో రాశాడట. ఒక కమిటీ ముందుకి అణు రియాక్టరు ప్రతిపాదన వస్తే రెండున్నర నిమిషాల్లో ఒప్పేసుకుంటారు. ఎందుకంటే దాని సంగతి ఎవరికీ అర్థం కాదు. ఆ తర్వాత సైకిళ్ల షెడ్డు వస్తుంది. దానికి రేకు వెయ్యాలా, అసలు షెడ్డు అవసరమా అని ముప్పావుగంట కొట్టుకుంటారు. షెడ్డంటే అందరికీ తెలుసు కాబట్టి!

కథ బాగుంది. కానీ ఆ కథలో షెడ్డు గుమాస్తాల సైకిళ్ల కోసం. ఆ కమిటీ గదిలో వాన పడితే తన సైకిలు తడుస్తుందని బాధపడేవాడు ఒక్కడున్నాడా? ఉంటే ముప్పావుగంట పట్టేది కాదు. రేకు ఖరీదు గురించి వాళ్లు మాట్లాడుకున్నారే గానీ, వాన గురించి ఎవరూ మాట్లాడలేదు. ఈ మాటే అన్నాను. మావారు "నీతో వాదించలేం" అన్నారు. అంటే ఇంకా ఒప్పుకోలేదన్నమాట.

పెద్ద విషయాలు వద్దనడానికి నేనెవర్ని? మాది విశాఖ. 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అన్న నినాదం వింటూ పెరిగినవాళ్లం. 1966లో ఆ ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. 2021 జనవరిలో ప్లాంటులో వాటాలు నూటికి నూరు శాతం అమ్మాలని కేంద్రం నిర్ణయించినప్పుడు మా ఇంట్లో రెండు రోజులు అన్నం సరిగ్గా దిగలేదు. ఆ ఏడాది మే నెలలో శాసనసభ ఆ అమ్మకం వద్దంటూ ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. చెయ్యాల్సిందే, చేశారు, సంతోషం. అయితే ఆ తీర్మానానికి ఎంత బలం ఉంది? ప్లాంటు కేంద్రం చేతిలో ఉంది. మన సభ 'వద్దు' అనగలదు, ఆపలేదు. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించింది కూడా కేంద్రమే.

కొట్లో కుర్చీ సంగతి అలా కాదు. దుకాణాల్లో పనిచేసేవాళ్లకి 1988 నాటి మన రాష్ట్ర చట్టం ఒకటుంది, దుకాణాలు, సంస్థల చట్టం అని. దాన్ని సవరించడానికి ఢిల్లీ వెళ్లి ఎవరి గుమ్మం ముందూ నిలబడక్కర్లేదు. చేతిలో ఉన్న పనికీ చేతిలో లేని పనికీ తేడా ఇంటి ఆడదానికి తెలిసినంతగా ఎవరికి తెలుసు? బియ్యం ధర మనం తగ్గించలేం. అలాగని బియ్యంలో రాళ్లు ఏరడం మానేస్తామా?

చిన్న విషయాలన్నిటికీ సభ కావాలనీ నేననను. 2018లో మన రాష్ట్ర ప్రభుత్వం రామచిలుకని రాష్ట్ర పక్షిగా, మల్లెని రాష్ట్ర పుష్పంగా, వేపని రాష్ట్ర వృక్షంగా, కృష్ణజింకని రాష్ట్ర జంతువుగా ప్రకటించింది. అంతకుముందు పాలపిట్ట ఉండేది. అది తెలంగాణ వాళ్లకి వెళ్లింది. మల్లెపువ్వంటే నాకూ ప్రాణమే. కానీ దానికి ప్రభుత్వ ఉత్తర్వు ఉన్నా లేకపోయినా పూర్ణా మార్కెట్లో మూర ధర మారలేదు. అలాంటివి ఆఫీసులో సంతకంతో అయిపోవాలి, అయిపోయాయి కూడా. ఇంకొన్ని చిన్న విషయాలుంటాయి. ఆడపిల్లలు ఏం కట్టుకోవాలి, ఎన్నింటికి ఇంటికి చేరాలి లాంటివి. వాటి మీద మాట్లాడటానికి మాత్రం నాయకులకి ఎప్పుడూ టైముంటుంది! ఆ టైములో పావు వంతు ఇటిస్తే చాలు.

నేను చూసేది ఒక్కటే. ఆ చిన్న విషయం ఎవరి ఒంటి మీద పడుతోంది, ఆ మనిషి సొంతంగా అడిగి సాధించుకోగలదా అన్నది. అడిగితే దొరికేదైతే చట్టం దేనికి? అడిగితే ఉద్యోగమే పోయేదైతే, ఆ అడగడం ఆమె తరఫున ఇంకెవరో చెయ్యాలి. అందుకే కదా ఓటేసి పంపించాం.

కేరళలో అదే జరిగింది. కోళికోడ్ మిఠాయి వీధిలో బట్టల కొట్లలో పనిచేసే ఆడవాళ్లు విజి అనే ఒక దర్జీ ఆధ్వర్యంలో జట్టుకట్టారు. వాళ్లు మొదట అడిగింది కుర్చీ కాదు, మరుగుదొడ్డి. అది సాధించాక కూర్చునే హక్కు అడిగారు. ఏళ్ల తరబడి అడిగారు. 2018లో కేరళ తన దుకాణాల చట్టాన్ని సవరించి, కూర్చునే ఏర్పాటు యజమాని బాధ్యత అని రాసింది. 2021లో తమిళనాడు శాసనసభ కూడా అలాంటి సవరణే చేసింది. పని మధ్యలో వీలు చిక్కినప్పుడు కూర్చోవడానికి ప్రతి కొట్లోనూ తగిన ఏర్పాటు ఉండాలి అన్నది దాని సారాంశం. ఈ రెండు సభలకీ మనకంటే పెద్ద సమస్యలు తక్కువేం లేవు. కేరళకైతే 2018 వరదల ఏడాది.

ఇంకా వెనక్కి వెళ్తే, ఇంగ్లండులో 1899లోనే దీనికి చట్టం చేశారు. కొట్లో పనిచేసే ప్రతి ముగ్గురు ఆడవాళ్లకీ ఒక సీటు ఉండాలని. అప్పటికి అక్కడ ఆడవాళ్లకి పార్లమెంటు ఎన్నికల్లో ఓటు హక్కే లేదు, కుర్చీ మాత్రం వచ్చింది.

ఇక అసలు సంగతికొస్తాను. ఇది తెలిశాకే మావారు మెత్తబడ్డారు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో 44వ సెక్షన్ ఒకటుండేది. నిలబడి పనిచేసే కార్మికులకి వీలున్నప్పుడు కూర్చోవడానికి ఏర్పాట్లుండాలని అందులో ఉంది. అంటే మావారు ఉద్యోగంలో చేరిన రోజుకే ఆయన కూర్చునే హక్కుకి నలభై ఏళ్లు దాటాయి! "మీ షాపులో బెంచీలుండేవా?" అనడిగాను. "ఉండేవి. ఎందుకుండవు?" అన్నారు. ఎందుకున్నాయో ముప్పై ఏళ్లలో ఒక్కసారీ ఆలోచించాల్సిన పని పడలేదు ఆయనకి. ఎవరో, ఎప్పుడో, ఓ సభలో కూర్చుని 'ఇదీ ఒక విషయమే' అనుకుని రాసిపెట్టారు కాబట్టి.

ఇప్పుడా పాత చట్టం కొత్త కార్మిక కోడ్‌లలో కలిసిపోయింది. 2020లో పార్లమెంటు చేసిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2025 నవంబర్ 21న అమల్లోకొచ్చింది. నిలబడి పనిచేసేవాళ్లకి కూర్చునే ఏర్పాటు అన్న మాట అందులోనూ ఉంది. ఫ్యాక్టరీలకే కాదు, సాధారణంగా పదిమంది, అంతకు మించి పనిచేసే సంస్థలకి ఆ కోడ్ వర్తిస్తుంది. మరి గొడవ తీరిపోయింది కదా అంటారేమో. మన డాబాగార్డెన్సులో, గాజువాకలో, కురుపాం మార్కెట్లో ఎన్ని కొట్లలో పదిమంది పనిచేస్తున్నారు? ఇద్దరు, ముగ్గురు, అయిదుగురు. వాళ్లంతా గీతకి అవతలే.

గీతకి ఇవతల ఉన్నవాళ్లకైనా తెలిసిందా? మా కింది వాటా అమ్మాయి పనిచేసే కొట్లో అరవై మంది ఉన్నారు. ఒక్కరికీ తెలీదు. నూట నలభై మూడు సెక్షన్ల కోడ్‌లో ఒక మూల ఒక్క వాక్యం. దాని గురించి ఎవరూ సభలో లేచి మాట్లాడింది లేదు, పేపర్లో పెద్దక్షరాల్లో వచ్చింది లేదు. కేరళలో, తమిళనాడులో 'కూర్చునే హక్కు' అని ప్రత్యేకంగా సవరణ చేశారు కాబట్టి పేపర్లూ టీవీలూ రాశాయి, కొట్లో పిల్లలకీ తెలిసింది, యజమానికీ తెలిసింది. సభలో ఓ అరగంట ఖర్చు పెట్టడమంటే ఊరంతా చాటింపు వేయించడం. పెద్ద బిల్లులో ఇమిడిపోయిన చిన్న మాట ఎవరి చెవినా పడదు.

యజమానుల వైపు కూడా చెప్పుకోవాలి. నాకు తెలిసిన ఓ కొట్టాయన్ని అడిగాను. మంచి మనిషి, పండక్కి పనివాళ్లందరికీ బట్టలు పెడతాడు. "మాకేం అభ్యంతరమమ్మా! కానీ కస్టమరు లోపలికొచ్చేసరికి మా పిల్ల కూర్చుని ఉంటే 'మర్యాద లేదు' అని పక్క కొట్టుకి పోతారు. అందరూ పెడితే నేనూ పెడతాను" అన్నాడు. అందరూ పెడితే అన్నమాటకి ఇంకో పేరే కదా చట్టం!

ఆయన మాట నన్ను ఇంకో చోట కూడా పొడిచింది. పదేళ్ల కిందట నేనే ఓ కొట్లో 'మీ అమ్మాయి దర్జాగా కూర్చుని సమాధానం చెబుతోంది, లేవనైనా లేవలేదు' అని కౌంటర్లో ఫిర్యాదు చేశాను. ఆ పిల్లకి ఏమైందో నాకు తెలీదు. అప్పుడు కనుక్కోలేదు కూడా.

ఆ తప్పు దిద్దుకుందామనే, శ్రావణమాసం కొనుగోళ్లప్పుడు మా మహిళా మండలిలో పదిమందిమి ఓ మాట అనుకున్నాం. ఏ కొట్టుకెళ్లినా 'ముందు ఈ అమ్మాయికి స్టూలు వెయ్యండి, అప్పుడు చీరలు చూస్తాం' అనాలని. రెండు కొట్లలో నిజంగానే తెచ్చి వేశారు. మేం గెలిచినట్టు ఇంటికొచ్చాం, కాఫీలు తాగాం. నాలుగో రోజు రాత్రి కింది వాటా అమ్మాయి పైకొచ్చి గుమ్మంలోనే నిలబడింది. "పిన్నీ, తప్పుగా అనుకోకండి. మా షాపులో మాత్రం అడక్కండి. మొన్న మీ వాళ్లెవరో అడిగి ఎలిపోయాక, 'నువ్వే చెప్పించావు కదే' అని సార్ మా ఫ్రెండుని గోడవును సెక్షనుకి మార్చీసారు. అక్కడ ఫ్యానైనా లేదు" అంది.

నాకు నోట మాట రాలేదు. మా పదిమంది మంచితనం ఆ పిల్లకి ఫ్యాను లేకుండా చేసింది. మేం స్టూలు వేయించి ఇంటికి పోతాం. కొట్టు మూసేదాకా అక్కడుండేది ఆ పిల్లలు. దయతో వచ్చిన స్టూలుని తీసెయ్యడానికి ఒక్క నిమిషం చాలు. 'నువ్వే అడిగావు' అని ఎవర్నీ వేలెత్తి చూపే వీల్లేకుండా రావాలంటే అది అడగకుండానే రావాలి. అప్పట్నుంచీ మావారితో వాదనలో నేను వెనక్కి తగ్గడం మానేశాను.

ఇంకో మాట. 2025 జూన్‌లో మన రాష్ట్ర మంత్రివర్గం ప్రైవేటు సంస్థల్లో రోజుకి గరిష్ట పనిగంటలు తొమ్మిది నుంచి పదికి పెంచడానికి ఆమోదం తెలిపింది. పెట్టుబడులు రావాలన్నారు. రావచ్చు. పెంచింది ఒక్క గంటే కదా, చిన్న విషయమే. దానికి టైము దొరికినప్పుడు, ఆ పదో గంటలో కాసేపు కూర్చోవచ్చా లేదా అన్నదానికి దొరకదా?

ఆడవాళ్ల విషయాలు మొదట్లో అన్నీ చిన్నవిగానే కనిపిస్తాయి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా మీద తిరగబడినప్పుడు అదీ ఇంటి గొడవే అన్నారు. మరుసటి ఏడాది అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించాల్సొచ్చింది. 2017లో శానిటరీ నాప్కిన్ల మీద పన్నెండు శాతం పన్ను వేసినప్పుడు, అడగడానికే సిగ్గుపడే విషయమన్నారు. ఏడాదికి పైగా పోరాడితే 2018 జులైలో తీసేశారు.

కిందటి ఆదివారం మా ఎమ్మెల్యేకి ఉత్తరం రాశాను. మండలిలో ముప్పై రెండు మంది సంతకాలు పెట్టారు. కింది వాటా అమ్మాయి మాత్రం పెట్టలేదు, పెట్టమని నేనూ అడగలేదు. కవరు అంటించబోతుంటే మావారు తీసుకుని చదివారు. రెండు చోట్ల అక్షరదోషాలు దిద్దారు. తర్వాత పెన్ను తీసి, మార్జిన్లో ఏదో రాయసాగారు.

"ఏం రాస్తున్నారు?" అన్నాను.

"సెక్షన్ నంబరు లేకుండా పంపిస్తే ఎవరు చదువుతారోయ్! పాత చట్టంలో 44 అని రాస్తున్నాను. బ్రాకెట్లో కొత్త కోడ్ పేరు కూడా" అన్నారు.